కారులో తిరిగిన మెట్టు

బూట్లు రెండూ ఒకదానికొకటి కొట్టి మట్టి రాల్చి, రాలిందో లేదో వంగి చూసి, నమ్మకం చాలక ఇంకోసారి కొట్టి, అప్పుడు గాని వెండెలిన్ గ్రేస్లె కాళ్లు కారులోకి తీసుకోలేదు. సీటుకి తొడిగిన ప్లాస్టిక్ కిర్రుమంది. అతను కాస్త సర్దుకున్నాడు. అది మళ్లీ కిర్రుమంది. ఈ తంతు రోజూ ఉండేదే. ప్లాస్టిక్ కింద నల్లటి సీటు ఉంది. ఏడాదిగా ఆ సీటు మీద మనిషన్నవాడు కూర్చోలేదు.

కారు ఎర్రది, చిన్నది. ముందు ఒక్కో పక్క రెండేసి గుండ్రటి దీపాలు. చూడ్డానికి పెళ్లికి ముస్తాబైన పొట్టి మనిషిలా ఉంటుంది గాని, కొండ ఎక్కేటప్పుడు పెద్ద కార్లకి చెమట పట్టిస్తుంది. ఇంజిన్ వెనకుంది. దాని మూత రెండు ఇనప పుల్లల మీద కాస్త ఎత్తి పెట్టి ఉంది, వేడెక్కకుండా గాలి ఆడాలని. ఊళ్లో కుర్రకారు ఈ టీటీ రకం కారు కొన్న మర్నాడే సోకుకి అలా ఎత్తిపెడతారు. వెండెలిన్‌కి సోకు లేదు. ఇంజిన్ మీద జాలి, అంతే.

వంటింటి వెనక తలుపు తెరుచుకుంది. భార్య వల్‌బుర్గా ఒక చేత్తో రొట్టె పొట్లం, ఇంకో చేత్తో గుమ్మం పట్టుకుని, ముందు ఒక కాలు జారవిడిచి, నేల అందేదాకా వెతికి, ధబ్బున దిగింది. ఆ గుమ్మం కింద ఒక మెట్టు తక్కువ. యుద్ధం అయిపోయాక ఇద్దరూ తమ చేతులతో కట్టుకున్న ఇల్లది. కప్పు వేశారు, కిటికీలు పెట్టారు, తోట వేశారు, ఆ ఒక్క మెట్టూ మిగిలిపోయింది. బట్టల బుట్టతో దిగినా, కూరగాయల తొక్కలతో దిగినా, ఆమె పక్కకి తిరిగే దిగాలి.

"అబ్బ! నా మెట్టు ఎలా ఉంది, కులాసాయేనా?" అంది, కారు ముందు మూత మీద అరచేత్తో చరుస్తూ. "ఈ వారం ఎక్కడెక్కడ తిరిగొచ్చిందేం?"

"మూత మీద కొట్టకు, సొట్ట పడుతుంది," అన్నాడు వెండెలిన్.

మెట్టు నిజంగానే అందులో ఉంది. మొట్టమొదటి కారు కొన్న వారమే అతను వల్‌బుర్గా మెట్టు కోసమని ఒక సిమెంటు బస్తా కొని ముందు డిక్కీలో వేసుకొచ్చాడు. ఇలాంటి కార్లకి బరువంతా వెనకే కదా. వాననాడు మలుపులో ముక్కు తేలిపోయి, నువ్వెటు తిప్పితే నేనటెందుకు పోవాలి అంటుంది. ఆ రోజు దారిలో షోయర్‌బెర్గ్ కొండ మలుపు దగ్గర కారు ముక్కు బుద్ధిగా నేల పట్టుకుని తిరిగింది. అతను ఇంటికొచ్చి బస్తా దించలేదు. వచ్చే వారం దించుతానన్నాడు. ఆ శీతాకాలం తేమ తగిలి సిమెంటు గట్టిపడింది. కాగితం సంచీ మడతలతో సహా, డిక్కీ అడుగు ఒంపుతో సహా రాయైపోయింది. అప్పట్నించి కారు మారినప్పుడల్లా వెండెలిన్, పక్కింటి కిలియన్ కలిసి, శవాన్ని మోసినంత భక్తిగా, దాన్ని పాత కారులోంచి కొత్త కారులోకి చేర్చేవారు. అన్నీ ఒకే కుటుంబపు కార్లు కాబట్టి ప్రతిదాంట్లోనూ అది అచ్చంగా ఇమిడేది.

కారు ఏడాదికోసారి మారేది. వాళ్ల ఊరు నెకార్సుల్మ్‌లో కార్ల ఫ్యాక్టరీ మనుషులందరికీ అంతే. ఫ్యాక్టరీ తన పనివాళ్లకి తగ్గింపు మీద కొత్త కారు ఇస్తుంది. ఏడాది వాడుకుని, ఇంకా కొత్త వాసన పోకముందే బయటివాళ్లకి అమ్మేసి మళ్లీ కొత్తది తెచ్చుకుంటారు. వినడానికి మహారాజ భోగం. కాని కారు తెచ్చిన రోజు నుంచీ అది రాబోయేవాడి కారు. వెండెలిన్ కారులో యాపిల్ తినకూడదు. తడిసిన గొడుగు కాళ్ల దగ్గర పెట్టకూడదు, ఒళ్లో పెట్టుకోవాలి. వల్‌బుర్గా ఎక్కేముందు గౌను దులుపుకోవాలి. ఇన్నేళ్లలో ఆమె అన్ని కార్లెక్కింది గాని ఒక్క సీటునీ ముట్టుకోలేదు.

ఈ ఏడాది పేచీ వేరే వచ్చిపడింది. వసంతంలో వల్‌బుర్గా డ్రైవింగ్ నేర్చుకుంది. యాభై దాటిన మనిషి, ఎవరికీ చెప్పకుండా వెళ్లి నేర్చుకుని, మొదటి దెబ్బకే లైసెన్సు తెచ్చుకుని, సూపు గిన్నె పక్కన పెట్టింది. వెండెలిన్ చూశాడు. ఏమీ అనలేదు. సూపు రెండోసారి వడ్డించుకున్నాడు.

వల్‌బుర్గాకి అది చాలు. ఆ రోజంతా కూనిరాగం తీసింది. వెండెలిన్ నోట మెప్పన్నది ఆమె ఎప్పుడూ వినలేదు, ఆ వీధిలో ఏ ఆడదీ తన మొగుడి నోట వినలేదు. ఉప్పెక్కువైతే అంటాడు. చొక్కా ఇస్త్రీలో ముడత పడితే అంటాడు. తలుపు గట్టిగా వేస్తే అంటాడు. ఏమీ అనలేదంటే మనిషి లోపల పొంగిపోతున్నాడని లెక్క.

కాని లైసెన్సు వేరు, తాళంచెవి వేరు.

"రేపు పొద్దున ఆ పశువుల డాక్టరొచ్చి కారు తీసుకుపోతాడు," అంది వల్‌బుర్గా, రొట్టె పొట్లం కిటికీలోంచి అందిస్తూ. "వసంతంలో లైసెన్సొచ్చింది. ద్రాక్ష పూసింది, కాయ కూడా పడింది. నేను ఇంకా పక్క సీట్లోనే ఉన్నాను."

"ఆయన చేతిలో చెయ్యి వేసి మాటిచ్చాను, బుర్గెల్. గీత పడితే ఏం చెప్పను?"

"కొండ పైదాకా. ఒక్కసారి. అంతకంటే అడిగానా?"

"వచ్చే కారు—"

"వచ్చే కారు ఇది కాదుగా," అంది ఆమె. కోపంగా అనలేదు. అదే అతనికి ఇబ్బందైంది.

అతను తాళం తిప్పాడు. వెనక ఇంజిన్ గొంతు సవరించుకుని గుర్రుమంది. కంచెకి అవతల తన ద్రాక్షతీగలకి మందు కొడుతున్న కిలియన్ తల ఎత్తి, లేచి ఉన్న వెనక మూత చూసి, రోజూ అరిచేదే అరిచాడు:

"వెండెల్! నీ డిక్కీ తెరిచే ఉందోయ్!"

"నీ నోరూ అంతే," అన్నాడు వెండెలిన్. అదీ రోజూ ఉండేదే.

ఫ్యాక్టరీలో వెండెలిన్ పెళ్లిళ్లు చేసేవాడు.

పైనుంచి గొలుసుల మీద కారు ఒళ్లు దిగుతుంది. కింద గోతిలో బండి మీద ఇంజిను, వెనక చక్రాల ఇరుసు సిద్ధంగా ఉంటాయి. రెండూ కలిసే చోటుని కార్లు కట్టేవాళ్లు పెళ్లి అంటారు. కాగితాల్లో దానికి ఇంకేదో పేరుండే ఉంటుంది, ఆ పేరుతో పిలిస్తే మాత్రం ఎవరూ పలకరు. ఎన్నో ఏళ్లుగా గోతిలో నిలబడి, తల పైకెత్తి, బోల్టులు బిగించి ఆ రెంటినీ కలుపుతున్నది వెండెలిన్. అందుకే అతన్ని షెడ్డులో అందరూ ఫాదర్ అనేవారు. అసలు ఫాదర్ చర్చిలో ఏడాదికి చేసినన్ని పెళ్లిళ్లు వెండెలిన్ ఒక్క పూటలో చేసేవాడు, పైగా ఒక్కటీ విడిపోలేదు.

అతనికి జోడీ సాల్వతోరె. పరదేశంలోని కలాబ్రియా నుంచి వచ్చి చాలాకాలమైంది. నెకార్సుల్మ్ యాసలో ఇక్కడివాళ్లనే తిట్టగలడు.

"ఏం ఫాదరూ, మొహం అలా ఉందేం? రాత్రి పెళ్లికూతురు కొట్టిందా?"

"ఎడమ భుజం లాగుతోంది."

"వయసులో ఉన్నవాడివి, లాగదా మరి!"

భుజం పొద్దుటినుంచీ లాగుతూనే ఉంది. స్పానరు పట్టేది కుడిచెయ్యి, ఎడమదానికేం రోగమని విసుక్కున్నాడు గాని, ఇరుసుని పైకెత్తి పట్టేది దాంతోనే కాబట్టి పాపం దాన్నీ తప్పుపట్టలేకపోయాడు. రేపటి నుంచి వేసవి సెలవులు. అదే సర్దుకుంటుంది.

పదకొండు దాటాక మేస్త్రి ఎగోన్ గోతి అంచుకొచ్చి నిలబడ్డాడు. చేతులు వెనక్కి కట్టుకుని బూట్ల వంక చూసుకుంటూ, "వచ్చేది ఆఖరి టీటీ," అన్నాడు. "సెలవులయ్యాక ఇక్కడ ఇంజిన్ ముందుండే పెద్ద కార్లే."

అందరికీ తెలిసిన సంగతే. సాల్వతోరె గాజుగుడ్డ పేలిక ఒకటి చింపి, ఇంజిన్ మీద గాలిగొట్టానికి మేలిముసుగులా కట్టాడు. మేస్త్రి చూశాడు. ఏమీ అనలేదు. కాసేపుండి వెళ్లిపోయాడు.

ఒళ్లు దిగింది. తెల్ల కారు. వెండెలిన్ ఎడమచేత్తో ఇరుసు సర్ది, కుడిచేత్తో బోల్టు పెట్టి తిప్పాడు. మొదట వేళ్లతో, తరవాత స్పానరుతో. ఎప్పుడూ చేసేదే చేశాడు, తొందరపడలేదు, ఆలస్యమూ చేయలేదు. చివరి బోల్టు బిగిశాక అలవాటు ప్రకారం ఇంజిన్ పొట్ట మీద అరచేత్తో ఒకసారి తట్టాడు, పోయిరా అన్నట్టు. గొలుసులు కదిలాయి. పేలిక ఊగుతూ కారు ముందుకి సాగింది. అతనికి ఏడుపేం రాలేదు. మంచి పని చేశాననిపించింది, చాలాకాలం చేశాననిపించింది. సాల్వతోరె మాత్రం ముక్కు చీదుకున్నాడు.

మధ్యాహ్నం బయట గోడనీడన కూర్చుని తిండి పొట్లాలు విప్పారు. శుక్రవారం మాంసం ముట్టరు కాబట్టి వెండెలిన్‌కి రొట్టె, జున్ను, ఉప్పద్దిన ముల్లంగి, ఇంట్లో పులియబెట్టిన యాపిల్ రసం. సాల్వతోరెకి డబ్బా చేపలు.

"నీ కారు అమ్మడం రేపేగా? మీ ఆవిడ లైసెన్సేం చేసింది, ఫ్రేము కట్టించిందా?"

"ప్రార్థన పుస్తకంలో పెట్టుకుంది."

"అయితే చర్చిలో తోలుతుందా?" సాల్వతోరె తన జోకుకి తనే నవ్వి, నూనె కారుతున్న వేలు నాకాడు. తరవాత నవ్వడం మానేశాడు. "మా పెద్దమ్మ ఇంట్లో ఒక మంచి గదుండేది, ఫాదరూ. పట్టుపరుపు, వెండి దీపం. ఎప్పుడో బిషప్ గారు మా ఊరొస్తే ఆ గదిలో దింపుతానని తాళం వేసింది. మమ్మల్ని గడప తొక్కనిచ్చేది కాదు. తను మాత్రం పొయ్యి పక్కన చాప మీద పడుకునేది."

"బిషప్ వచ్చాడా?"

"ఎక్కడొస్తాడు! ఆవిడ పోయాక ఆ పరుపు మీద పడుకోబెట్టాం. మొదటిసారి అదే. ఎంత మెత్తగా ఉందో ఆవిడకేం తెలుస్తుంది?" రొట్టె ముక్కతో డబ్బా అడుగు తుడిచాడు. "నీ బిషప్ పశువుల డాక్టరా?"

వెండెలిన్ ముల్లంగి నములుతూ ఉండిపోయాడు. నమలడం అయిపోయాక కూడా కాసేపు దవడ ఆడించాడు.

సాయంత్రం ఇంటికొస్తుంటే ప్లాస్టిక్ కిర్రుమన్నప్పుడల్లా అతనికి చిరాకేసింది. ఇన్నేళ్లుగా వింటున్న చప్పుడే. వీపుకి చెమట పట్టి చొక్కా దానికి అంటుకుపోయింది. గ్యారేజీ ముందు కారాపి, దిగి, తలుపులు రెండూ బార్లా తెరిచి, వంగి సీటు కింద కొక్కేలు విప్పడం మొదలుపెట్టాడు.

నీళ్ల డబ్బాతో వచ్చిన వల్‌బుర్గా ఆగిపోయింది. "ఏం చేస్తున్నావు?"

"కనబడ్డం లేదా, ప్లాస్టిక్ తీస్తున్నాను."

"ఎందుకూ?"

"చెమట పడుతోంది."

ఆమె డబ్బా కింద పెట్టింది. ప్లాస్టిక్ ఒక్కసారిగా ఊడి, గాలికి తెరచాపలా లేచింది. కింద సీటు నల్లగా, నున్నగా, ఫ్యాక్టరీ కుట్టు కుట్టినట్టుగా ఉంది. వెండెలిన్ దాని వంక చూసి, తాళంచెవి తీసి, ఆమె మొహంలోకి చూడకుండా చెయ్యి చాపాడు.

"కొండ పైదాకా అన్నావు."

వల్‌బుర్గా తాళంచెవి తీసుకోలేదు. ఇంట్లోకి పరిగెత్తింది, ఆ లేని మెట్టు దగ్గర మోకాలు పట్టుకుని మరీ ఎక్కి. వచ్చేటప్పటికి కాళ్లకి ఆదివారపు బూట్లున్నాయి, చేతిలో ప్రార్థన పుస్తకం ఉంది. లైసెన్సు విడిగా తీసుకోవడానికి కూడా ఓపిక పట్టలేదు మహాతల్లి. అలవాటుగా గౌను దులుపుకోబోయి, ఆగి, దులుపుకోకుండానే సీట్లో కూర్చుంది. సీటు కిర్రుమనలేదు. ఆమె అరచేతులు రెండూ అటూ ఇటూ సీటు మీద ఆనించి, పైకీ కిందకీ రాసింది.

"చల్లగా ఉంది, వెండెల్."

"అద్దం సరిచేసుకో."

కంచె దగ్గర కిలియన్ మందు గొట్టం వదిలేసి చూస్తున్నాడు. గడ్డి మీద పడున్న ప్లాస్టిక్‌ని చూశాడు, పక్క సీట్లో వెండెలిన్‌ని చూశాడు. నోరు తెరిచి, రోజూ అరిచేది మర్చిపోయి, కారు గేటు దాటాక గుర్తు తెచ్చుకుని వీధంతా మోగేట్టు అరిచాడు:

"వల్‌బుర్గా! నీ డిక్కీ తెరిచే ఉందమ్మోయ్!"

ఆమె హారను కొట్టింది. ఆ వీధిలో అవసరం లేకుండా హారను కొట్టిన మొదటి మనిషి ఆమే.

వెండెలిన్ ఒక నిర్ణయం చేసుకుని కూర్చున్నాడు: పైదాకా నోరెత్తకూడదు. అది బోల్టు బిగించడం కంటే కష్టమైంది. చర్చి దగ్గర గేరు మార్చేటప్పుడు కరకరమంది. అతని ఎడమకాలు లేని క్లచ్‌ని తొక్కింది. పాలబండి ఎదురొచ్చింది, అతను ఒళ్లో ఉన్న ప్రార్థన పుస్తకాన్ని గట్టిగా పట్టుకున్నాడు. ద్రాక్షతోటలు మొదలయ్యాక దారి నిలువుగా లేచింది. వల్‌బుర్గా రెండో గేరులోకి దించి కాలు నొక్కింది. వెనక ఇంజిన్ కేకేసింది. వీపు సీటుకి అంటుకుంది, ఈసారి చెమటకి కాదు. పెద్ద మలుపు వచ్చేసరికి అతను ఊపిరి బిగబట్టాడు. ఆమె ముందుగానే వేగం తగ్గించి, మలుపు మధ్యలో మళ్లీ పెంచింది. కారు ముక్కు, అందులోని సిమెంటు రాయి, దారి లోపలి అంచు పట్టుకుని ఒద్దికగా తిరిగాయి.

అలా తిప్పడం నేర్చుకోవడానికి తనకి రెండేళ్లు పట్టింది. ఈమెకెవరు చెప్పారు? తరవాత తట్టింది: ఇన్నేళ్లూ పక్క సీట్లో కూర్చుని తన కాళ్లనే చూస్తూ వచ్చింది కదా.

పైన చదునులో ఆగి ఇద్దరూ రాతిగోడ మీద కూర్చున్నారు. కింద నెకార్ నది, దాని మీద నిదానంగా పోతున్న బొగ్గు పడవ, ఫ్యాక్టరీ కప్పులు. వెనక ఇంజిన్ చల్లారుతూ టిక్కుటిక్కుమంటోంది. వల్‌బుర్గా బుగ్గలు ఎర్రబడి ఉన్నాయి. వెండెలిన్‌కి సంతోషంగా ఉంది. ఎందుకని అడిగితే చెప్పలేడు గాని, ఒళ్లంతా సంతోషంగా ఉంది. భుజం నొప్పి కూడా ఆ సంతోషంలో ఒక మూల ఉంది.

"ఆఖరి టీటీకి ఇవాళ పెళ్లి చేశాను," అన్నాడు.

"బాగా జరిగిందా?"

"సాల్వతోరె ఏడ్చాడు."

ఆమె నవ్వింది. అతను, "రేపు పొద్దున డాక్టరొచ్చేలోపు కిలియన్ని పిలిచి ఆ రాయి దించేస్తాం," అన్నాడు. "వంటింటి గుమ్మం కింద వేస్తాను. అదే నీ మెట్టు."

"ఆ వంకర రాయా?"

"రాయి వంకరైతే నువ్వూ వంకరగా దిగు."

"ఎన్నేళ్ల నుంచో అలాగే దిగుతున్నాను, బాబూ!"

వెండెలిన్ నోరు తెరిచాడు. ఆ మలుపు నువ్వు చాలా బాగా తిప్పావు అని చెప్పాలనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు. మాట గొంతు దాకా వచ్చి, దారి తెలియక నిలబడింది.

"రేపు వాన పడేట్టుంది," అన్నాడు.

సరే, ఇంటికెళ్లాక చెప్తాను, కారు గ్యారేజీలో పెట్టాక, అనుకున్నాడు. గ్యారేజీ సందు ఇరుకు. అది కూడా సరిగ్గా పెట్టిందంటే రెంటికీ కలిపి చెప్పొచ్చు. కారు దిగువకి బయలుదేరింది. కిటికీలోంచి ద్రాక్షాకుల వాసన, మందు వాసన. నల్ల సీటు వీపుకి మెత్తగా ఉంది. వెనక ఇంజిన్ సన్నగా, సమంగా పాడుతోంది. ఇది ఎవరు బిగించింది, నేనే కదా, అనుకున్నాడు. ఆ పాట సరిగ్గా వినాలని కళ్లు మూసుకున్నాడు.

మొదటి రెండు మలుపులూ వల్‌బుర్గా జాగ్రత్తగా దిగింది. పెద్ద మలుపు దగ్గర కాస్త వేగంగానే పోయింది. పోయి, తిట్టు కోసం ఎదురుచూసింది. రాలేదు. ఓరగా చూసింది. అతను చేతులు పుస్తకం మీద పెట్టుకుని, తల వెనక్కి ఆనించి, కళ్లు మూసుకుని ఉన్నాడు. కారు తను తోలుతుంటే వెండెలిన్ కళ్లు మూసుకున్నాడు! ఆమెకి గుండె ఉప్పొంగింది.

"ఏమీ అనవేం?" అంది. మళ్లీ తనే, "అనకు, అనకు. అలాగే ఉండు," అంది.

చర్చి దగ్గర ఈసారి గేరు చప్పుడు కాకుండా పడింది. అతనేమీ అనలేదు. ఎదురుగా ట్రాక్టరొస్తే తొట్రుపడకుండా పక్కకి తీసింది. అతనేమీ అనలేదు. వీధి మలుపులో కిలియన్ టోపీ ఊపాడు, ఆమె మళ్లీ హారను కొట్టింది. దానికి కూడా అతను ఏమీ అనలేదు. గ్యారేజీ ఇరుకు సందులోకి, అటు గోడా ఇటు గోడా తగలకుండా, ఒక్క ఊపులో పెట్టి తాళం తిప్పి ఆపేసింది.

చీకటి గదిలో ఇంజిన్ టిక్కుటిక్కుమంటోంది. వల్‌బుర్గా చేతులు స్టీరింగ్ మీదే ఉంచి కూర్చుంది. ఇంత పొడుగు మెప్పు ఆమె బతుకులో ఎప్పుడూ దొరకలేదు. తొందరగా దిగిపోయి దాన్ని పాడుచేసుకోవాలనిపించలేదు. ఇంజిన్ చప్పుడు పూర్తిగా ఆగేదాకా అతని పక్కన అలాగే, సంతోషంగా, కూర్చుంది.

తరవాత, "పద, బంగాళాదుంపలు ఉడకపెట్టాలి," అని అతని చేతి మీద చెయ్యి వేసింది.

గుండె ఆగిందన్నాడు ఊరి డాక్టరు. దారిలోనే, నొప్పి కూడా తెలిసుండదు అన్నాడు. ఏ మలుపు దగ్గరో చెప్పలేకపోయాడు. పెద్ద మలుపు దాటాకే అని వల్‌బుర్గా తీర్మానించుకుంది. ఆ తీర్మానాన్ని ఎవరూ కదపలేకపోయారు.

శనివారం పొద్దున పశువుల డాక్టరు రూమెల్ గారు వచ్చి, సంగతి తెలిసి, టోపీ తీసి, కారు అక్కర్లేదమ్మా, మీరే ఉంచుకోండి అన్నాడు. "ఆయన మీ చేతిలో చెయ్యి వేసి మాటిచ్చాడు," అంది వల్‌బుర్గా. "భూస్థాపన అయ్యాక రండి." ఆయన ఆ తరవాతి శనివారం వచ్చాడు. కిలియన్, సాల్వతోరె కూడా ఉన్నారు. రూమెల్ గారు సీట్లు చూసి కొత్తవిలా ఉన్నాయన్నాడు. ముందు మూత ఎత్తి, "ఇదేమిటమ్మా?" అన్నాడు.

"అది కారుది కాదు. ఇంటిది. మీరు ఇసుక బస్తా ఒకటి వేసుకోండి, లేకపోతే వాననాడు ముక్కు తేలుతుంది."

కిలియన్, సాల్వతోరె చెరోపక్కా పట్టి రాయి ఎత్తారు. కారు ముక్కు ఒక బెత్తెడు పైకి లేచింది. కారు వీధి మలుపు తిరిగేదాకా ముగ్గురూ చూశారు. దాని వెనక మూత తెరిచే ఉంది. కిలియన్ అరవలేదు.

"ఆ రోజు దారంతా ఒక్క మాటనలేదు, కిలియన్," అంది వల్‌బుర్గా. "కొండ మీంచి గ్యారేజీ దాకా. ఒక్కటంటే ఒక్కటి."

సాల్వతోరె నేల చూశాడు. కిలియన్ ఈ ఊరివాడు. అతను టోపీ తీసి, "దారంతానా?" అన్నాడు. "మా ఇంటావిడకి వీధి చివరిదాకా కూడా దక్కలేదు."

వల్‌బుర్గా నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. తరవాత వాళ్లు రాయిని వంటింటి గుమ్మం కింద పెట్టి, ఊగకుండా ఒక పక్క కంకర కూరారు. సాయంత్రం ఆమె బట్టల బుట్ట పట్టుకుని తలుపు తీసింది. ఎన్నేళ్ల అలవాటో, పక్కకి తిరిగింది. ఆగి, ముందుకి తిరిగి, కాలు పెట్టింది. నేల ఎప్పటికంటే ముందే అందింది. తీగ మీద ఆరేసింది మూడు చొక్కాలు, ఒక జత నీలం పని దుస్తులు. గుమ్మం కింద, కాగితం సంచీ మడతలు ఇంకా చెరగని మెట్టు, ఒక అంచున కారు ముక్కు ఒంపు తిరిగి, వీధివైపు చూస్తూ ఉంది.